పోటీ ప్రకటనలకు చిట్టా.. కొలువుకు బాట

సీజన్‌లో ఓ ఉదయం గుంటూరు మిర్చి యార్డులో అడుగుపెట్టి చూడండి. టిక్కీల వరుసల మధ్య నడుస్తుంటే ఘాటుకు కళ్లు మండుతాయి. తేజ ఎంత పలికింది? 334 ఎంత? తాలు కాయలు ఎంత? ఎవరి నోట విన్నా ఇదే మాట. అయితే ఆరితేరిన రైతు ఆ ఒక్కరోజు ధర విని, సరుకు అమ్మాలో కోల్డ్ స్టోరేజీలో పెట్టాలో తేల్చేయడు. పోయిన వారం ధరెంత, నిరుడు ఇదే నెలలో ఎంత, ఇవాళ ఎన్ని టిక్కీలు దిగాయి.. అన్నీ బేరీజు వేసుకుంటాడు. ఒక్కరోజు ధర కబురు మాత్రమే. వరుసగా రాసుకున్న ధరలైతే లెక్క అవుతాయి.

సరిగ్గా ఇదే పనిని ప్రకటనల మీద చేసేవాళ్లు ఇప్పుడు కంపెనీలకు కావాలి. పోటీ కంపెనీ ఏ ప్రకటన ఎప్పుడు మొదలుపెట్టింది, ఎన్నాళ్లు నడిపింది, ఎప్పుడు ఆపింది, మాట ఎక్కడ మార్చింది అనేవి సాఫ్ట్‌వేర్ టూల్స్ సాయంతో గమనించి, రాసి పెట్టి, యజమానికి అర్థమయ్యేలా చెప్పడమే ఆ పని. డిజిటల్ మార్కెటింగ్ కోర్సు చేసిన అభ్యర్థులు ఇంటర్వ్యూకి వరుస కడుతున్న రోజులివి. సర్టిఫికెట్ అందరి దగ్గరా ఉంటుంది. మూడు నెలల పాటు సొంతంగా రాసిన చిట్టా మాత్రం అందరి దగ్గరా ఉండదు. దాన్ని తయారుచేసుకోవడం ఎలాగో చూద్దాం. దీనికి ఫీజు అక్కర్లేదు. వారానికి ఓ రెండు గంటలు, ఇంటర్నెట్, ఓ స్ప్రెడ్‌షీట్ ఉంటే చాలు.

చరిత్ర ఎందుకు చూడాలి?

నరసరావుపేటలో ఓ చిన్న కారం మిల్లు ఉందనుకుందాం. ఆన్‌లైన్‌లో ప్యాకెట్లు అమ్మాలని యజమాని ఆలోచన. పోటీ బ్రాండు ఫేస్‌బుక్‌లో ‘కిలో కొంటే పావుకిలో ఉచితం’ అని ప్రకటన ఇచ్చింది. అది చూసిన యజమాని కంగారుపడి తానూ అదే ఆఫర్ పెట్టేశాడు. నెల తిరిగేసరికి లాభం ఆవిరైంది. ఆ పోటీ బ్రాండు ఆఫర్‌ను నాలుగు రోజులకే ఆపేసి, ‘కొత్త పంట కారం’ అనే మాటతో పూర్తి ధరకే అమ్ముకుంటోందని ఆయనకు తెలియదు. చెప్పేవాళ్లు లేరు. ప్రకటన చూశాడు కానీ దాని వెనకాముందు చూడలేదు.

ఆ చెప్పే మనిషి మీరు కావాలి. మిల్లు పెద్దదైనా చిన్నదైనా యజమాని అడిగేవి మూడే ప్రశ్నలు: ‘వాళ్లు ఏం చేస్తున్నారు? ఎప్పటి నుంచి? మనమేం చేద్దాం?’ రెండో ప్రశ్నకు జవాబు లేకుండా మూడోదానికి వెళ్తే డబ్బు పోతుంది.

పత్తి చెప్పిన పాఠం

ప్రకటనలకు తేదీలు ఎంత ముఖ్యమో మన పత్తి రైతులకు దగ్గరైన ఓ ఉదాహరణ ఉంది. మన దేశంలో బీటీ పత్తికి 2002లో అనుమతి వచ్చింది. మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో బీటీ పత్తి వేసిన రెండు గ్రామాలు బాగుపడ్డాయంటూ 2008 అక్టోబరు 31న ఓ ఆంగ్ల దినపత్రిక నాగపూర్ ఎడిషన్‌లో పేజీ నిండా కథనం వచ్చింది. 2011 ఆగస్టు 28న అదే పత్రికలో ఆ కథనమే మళ్లీ కనిపించింది. మొదటిసారి అది వార్త. రెండోసారి ప్రకటన. పాత్రికేయుడు పి.సాయినాథ్ ఆ రెండు పేజీలనూ పక్కపక్కన పెట్టి 2012 మేలో ‘ది హిందూ’లో రాశారు. ఆ గ్రామాలకు వెళ్లి, అక్కడి రైతులు చెబుతున్నది వేరని కూడా చూపించారు.

ఇక్కడ గమనించాల్సిందేంటి? 2011 నాటి పేజీ ఒక్కటే చూసినవారికి అది మామూలు ప్రకటన. మూడేళ్ల కిందటి పేజీని దాని పక్కన పెట్టినవారికే అసలు సంగతి తెలిసింది. పాత కాగితం దాచినవాడి చేతిలోనే ఆధారం ఉంటుంది. సాఫ్ట్‌వేర్ వచ్చాక దాచడం తేలికైంది, అంతే.

ఉచితంగా దొరికే టూల్స్

మెటా యాడ్ లైబ్రరీ: ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లలో నడుస్తున్న ప్రకటనలన్నీ ఇందులో వెతకొచ్చు. 2018లో రాజకీయ ప్రకటనల కోసం మొదలై, 2019 నుంచి అన్ని రకాల ప్రకటనలనూ చూపిస్తోంది. లాగిన్ అవసరం లేదు. దేశం ‘ఇండియా’, విభాగం ‘ఆల్ యాడ్స్’ అని ఎంచుకుని కంపెనీ పేజీ పేరు కొట్టాలి. తెలుగు పదాలతోనూ వెతకొచ్చు. ‘పచ్చళ్లు’, ‘కారం పొడి’, ‘మిర్చి విత్తనాలు’ అని ప్రయత్నించండి. ప్రతి ప్రకటనకూ ఓ లైబ్రరీ ఐడీ, అది మొదలైన తేదీ కనిపిస్తాయి. ఒకే ప్రకటనను రెండు మూడు రకాలుగా రాసి పరీక్షిస్తుంటే ఆ సంగతీ తెలుస్తుంది.

గూగుల్ యాడ్స్ ట్రాన్స్‌పరెన్సీ సెంటర్: 2023 మార్చిలో వచ్చింది. గూగుల్ సెర్చ్, యూట్యూబ్ వంటి చోట్ల ప్రకటనలిచ్చే, గుర్తింపు ధ్రువీకరణ పూర్తయిన సంస్థల వివరాలు ఇందులో ఉంటాయి. కంపెనీ పేరుతోగానీ వెబ్‌సైట్ చిరునామాతోగానీ వెతకొచ్చు. ప్రకటన చివరిసారి ఎప్పుడు కనిపించిందో తేదీ ఉంటుంది. మెటా మొదలైన తేదీ చెబితే, గూగుల్ చివరి తేదీ చెబుతుందన్నమాట. రెండూ కలిపి చూడటం అలవాటు చేసుకోండి.

వేబ్యాక్ మెషీన్: ఇంటర్నెట్ ఆర్కైవ్ సంస్థ 2001 నుంచి అందరికీ అందుబాటులో ఉంచిన సేవ ఇది. వెబ్‌సైట్లు పాత తేదీల్లో ఎలా ఉన్నాయో చూపిస్తుంది. ప్రకటన మీద క్లిక్ చేస్తే వచ్చే పేజీలో నిరుడు ధరెంత, ఇప్పుడెంత అని పోల్చడానికి పనికొస్తుంది. అన్ని పేజీలూ దొరకవు. దొరికితే మాత్రం బంగారమే. ఇంకో మేలు కూడా ఉంది. ఈరోజు మీరు చూస్తున్న పేజీని అందులో భద్రపరచమని మీరే కోరవచ్చు.

డబ్బు కట్టి వాడే టూల్స్ వేరే ఉన్నాయి. సెమ్‌రష్, స్పైఫూ లాంటివి గూగుల్‌లో ఏ పదానికి ఎవరు ప్రకటన ఇచ్చారో నెలలవారీగా చూపిస్తాయి. అవి పనిచేసే తీరు తెలిస్తే ఇంటర్వ్యూలో తడబడరు. ఎంపిక చేసిన పదాలను అవి తరచూ వెతికి, వచ్చిన ఫలితాలను దాచిపెట్టుకుంటాయి. అంటే అది నమూనా లెక్క. ఎక్కువమంది వెతికే పదాలకు బాగుంటుంది. ఒంగోలులోనో చిలకలూరిపేటలోనో కొద్దిమందికే కనిపించే ప్రకటన ఆ వలకు చిక్కకపోవచ్చు. ఖర్చు గురించి అవి చూపే అంకెలు అంచనాలే, కంపెనీ ఖాతా పుస్తకం కాదు.

టీవీ, పత్రికలు, రేడియో ప్రకటనల లెక్కను టామ్ ఆడెక్స్ లాంటి సంస్థలు వృత్తిగా సేకరించి అమ్ముతుంటాయి. పెద్ద ఏజెన్సీల్లో మీడియా ప్లానర్లు వాడేది ఇలాంటి సమాచారమే. ఆ పేరు తెలిసి ఉండటం కూడా మీకు లాభమే.

టూల్ చూపించని చోటు

ఇక్కడే చాలామంది బోల్తాపడతారు. మన దేశంలో మామూలు వ్యాపార ప్రకటనలు మెటా లైబ్రరీలో నడుస్తున్నంత కాలమే కనిపిస్తాయి. ఆపేశారో, మాయం! రాజకీయ, సామాజిక అంశాల ప్రకటనలను మాత్రం 7 ఏళ్లు దాచి ఉంచుతారు. వాటికైతే ఖర్చు ఎంత నుంచి ఎంత మధ్య ఉందో కూడా చూపిస్తారు. యూరోపియన్ యూనియన్ దేశాల్లో చట్టం వేరు కాబట్టి అక్కడ చూపించిన ప్రకటనలు ఏడాది పాటు ఉంటాయి. జర్మనీలోనో ఐర్లండ్‌లోనో ఉన్న తెలుగువారికి పచ్చళ్లు అమ్మే సంస్థను పరిశీలిస్తుంటే దేశం మార్చి చూడండి. ఆగిపోయిన ప్రకటనలూ దొరకొచ్చు.

దీని అర్థం ఏంటో ఓ సంగతితో చూద్దాం. 2021లో గుంటూరు, ప్రకాశం, ఖమ్మం మిర్చి చేల మీద నల్ల తామర పురుగు విరుచుకుపడింది. పూత పూతంతా పోయి రైతులు కుదేలయ్యారు. ఆ రోజుల్లో ఫేస్‌బుక్‌లో ఏయే పురుగుమందుల ప్రకటనలు తిరిగాయి, ఏ హామీలిచ్చాయి? ఇప్పుడు లైబ్రరీలో వెతికితే, అప్పుడే ఆగిపోయిన ప్రకటనలు కనిపించవు. ఆ రోజు ఎవరైనా స్క్రీన్‌షాట్ తీసి తేదీ వేసి పెట్టుకుని ఉంటేనే ఉన్నట్టు. అందుకే ఈ పనిలో చరిత్రను టూల్ ఇవ్వదు. మీరు రాసుకోవాలి. ఈరోజు మొదలుపెట్టినవారికి ఈరోజు నుంచే చరిత్ర ఉంటుంది.

12 వారాల చిట్టా

ఎంపిక: ఒకే రకం సరుకు అమ్మే 5 సంస్థలను తీసుకోండి. కారం, పచ్చళ్లు, విత్తనాలు, డ్రిప్ పరికరాలు, కోచింగ్ సెంటర్లు.. మీకు తెలిసిన రంగమైతే మేలు. ఇంట్లో మిర్చి పండిస్తుంటే మిర్చికి మించింది లేదు. రైతు ఏ మాట నమ్ముతాడో, దేనికి నవ్వుతాడో మీకు తెలుసు. అది హైదరాబాద్‌లో కూర్చున్న అనలిస్టుకు తెలియదు.

రోజు: వారంలో ఒక రోజు, ఒకే సమయం పెట్టుకోండి. సోమవారం ఉదయం అనుకుంటే 12 వారాలూ సోమవారమే. ఒక వారం తప్పితే ‘చూడలేదు’ అని రాయండి. ఊహించి నింపొద్దు.

పట్టిక: చూసిన తేదీ, సంస్థ, ఎక్కడ కనిపించింది, లైబ్రరీ ఐడీ, మొదలైన తేదీ, చివరగా కనిపించిన తేదీ, మొదటి వాక్యం, ధర లేదా ఆఫర్, ఫొటోనా వీడియోనా, క్లిక్ చేస్తే ఎక్కడికి వెళ్తోంది, స్క్రీన్‌షాట్ ఫైలు పేరు. ఈ 11 గడులు చాలు. ఫైలు పేరులో ముందు సంవత్సరం, తర్వాత నెల, తర్వాత రోజు వచ్చేలా రాస్తే ఫోల్డర్‌లో వాటంతట అవే వరుసలో కూర్చుంటాయి.

వీధి: ఫోన్‌లోవే ప్రకటనలు అనుకుంటే పొరపాటే. మన పల్లెల్లో గోడల మీద విత్తనాల కంపెనీల రంగుల రాతలు, ఆర్టీసీ బస్సు వెనక బొమ్మలు, మైకు కట్టిన ఆటోలు, పత్రికల జిల్లా పేజీలు.. ఇవన్నీ ప్రకటనలే. కనిపించినప్పుడు ఫొటో తీసి ఊరి పేరు, తేదీ రాసుకోండి. ఏ సాఫ్ట్‌వేరూ చూపించని ఈ గడి మీ చిట్టాకు విలువ తెస్తుంది.

పక్కనే పంటల కేలండర్ పెట్టుకోండి. వానలు పడగానే జూన్, జులైలో పత్తి విత్తడం, ఆగస్టు, సెప్టెంబరుల్లో మిర్చి నాట్లు, జనవరి నుంచి యార్డుకు కొత్త కాయ, మేలో యార్డుకు వేసవి సెలవులు, ఏప్రిల్, మే నెలల్లో ఇంటింటా ఆవకాయ. ప్రకటనలు ఈ వరుసకు ఎంత ముందు మొదలవుతున్నాయి, ఎప్పుడు ఆగుతున్నాయి అని చూడండి. నాట్లకు నెల ముందే విత్తనాల ప్రకటన మొదలుపెట్టే కంపెనీకీ, నాట్లయ్యాక కూడా నడిపే కంపెనీకీ తేడా ఉంది. ఆ తేడాను పట్టుకోవడమే మీ పని.

చూసింది వేరు, అనుకున్నది వేరు

చిట్టా నిండాక అసలు పరీక్ష మొదలవుతుంది. ‘30 రోజులు దాటి నడిచిన ప్రకటన లాభాల్లో ఉన్నట్టే’ అని చాలా వీడియోల్లో చెబుతుంటారు. అంత తేలిగ్గా నమ్మొద్దు. యజమాని ఆపడం మరచిపోయి ఉండొచ్చు. పెద్ద కంపెనీ పేరు గుర్తుండాలని నష్టానికైనా నడుపుతుండొచ్చు. అలాగే ప్రకటన లేదంటే వ్యాపారం లేదని కాదు. ఆ కంపెనీ డీలర్ల ద్వారానో వాట్సాప్ గ్రూపుల్లోనో అమ్ముకుంటుండొచ్చు. యూట్యూబర్‌తో చెప్పించే మాట ఈ లైబ్రరీల్లో కనిపించకపోవచ్చు.

అందుకే రిపోర్టులో మూడు భాగాలు చేయండి. మొదటిది, నేను చూసింది: ‘ఈ ప్రకటన మార్చి 3న మొదలైంది, మే 12న కూడా ఉంది’. రెండోది, నేను అనుకుంటున్నది: ‘ఆవకాయ సీజన్ కోసం నడిపి ఉంటారు’. మూడోది, నాకు తెలియనిది: ‘ఎంత ఖర్చు పెట్టారు, ఎన్ని ప్యాకెట్లు అమ్మారు’. ఈ మూడింటినీ కలిపేసి చెప్పే అభ్యర్థులు చాలామంది ఉంటారు. విడదీసి చెప్పేవారు దొరికితే మేనేజర్లు వదులుకోరు. ఎందుకంటే ఆ మాట నమ్మి వాళ్లు లక్షలు ఖర్చుపెట్టాలి.

గీత దాటొద్దు

బహిరంగంగా ఉన్న ప్రకటనను చూడటం, రాసుకోవడం తప్పు కాదు. ఆ బొమ్మను, వీడియోను ఎత్తేసి మీ కంపెనీ పేరుతో వాడితే కాపీరైట్ చిక్కు. పోటీ బ్రాండు పేరును ప్రకటనలో ఇష్టమొచ్చినట్టు వాడితే ట్రేడ్‌మార్క్ చిక్కు. గూగుల్‌లో పోటీదారు ప్రకటన మీద సరదాకైనా పదేపదే క్లిక్ చేయొద్దు. ప్రతి క్లిక్‌కూ వారి డబ్బు పోతుంది, అది మోసం కిందికే వస్తుంది. దొంగ ఖాతా తెరిచి కస్టమర్‌లా నటించి లోపలి ధరలు లాగడం, అక్కడి ఉద్యోగిని ఆరా తీయడం మీ పని కాదు.

ఇంకో మాట. చూసిన హామీని కాపీ కొట్టే ముందు అది నిలిచేదేనా అని ఆలోచించండి. ఆహార పదార్థాల ప్రకటనలకు ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2018లో నిబంధనలు తెచ్చింది. పోటీదారు తప్పు చెప్పాడు కదా అని మీరూ చెబితే నోటీసు మీకూ వస్తుంది.

ఇదే టూల్ మీకూ కాపలా

ఉద్యోగాల వేటలో ఉన్న మీకు ఈ విద్య మొదట మీ కోసమే పనికొస్తుంది. ‘100 శాతం ఉద్యోగ గ్యారంటీ, నేడే ఆఖరి తేదీ’ అనే శిక్షణ సంస్థ ప్రకటన కనిపించిందా? ఫీజు కట్టేముందు మెటా లైబ్రరీలో ఆ పేజీ తెరవండి. పేజీ ఎప్పుడు పుట్టింది, ఇంతకుముందు ఏ పేరుతో ఉంది అనేవి పేజీ ట్రాన్స్‌పరెన్సీ భాగంలో కనిపిస్తాయి. నిన్నమొన్న పుట్టిన పేజీ ‘పదేళ్ల అనుభవం’ అంటే అనుమానించాల్సిందే. ‘నేడే ఆఖరి’ అనే ప్రకటన రెండు నెలలుగా నడుస్తుంటే మీకే అర్థమవుతుంది. గూగుల్ ట్రాన్స్‌పరెన్సీ సెంటర్లో ఆ ప్రకటనకు డబ్బు కడుతున్న సంస్థ పేరేంటో చూడండి. బోర్డు మీద పేరూ అదీ ఒకటేనా?

కోచింగ్ సంస్థల తప్పుదోవ పట్టించే ప్రకటనలపై కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 నవంబరులో ప్రత్యేక మార్గదర్శకాలు ఇచ్చింది. ఎంపికైన అభ్యర్థి ఫొటో వేస్తే అతను ఏ కోర్సు చేశాడో కూడా చెప్పాలి. మోసపోయామనిపిస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు. మీ దగ్గర తేదీతో ఉన్న స్క్రీన్‌షాట్ ఉంటే ఫిర్యాదుకు బలం.

కొలువులెక్కడ?

ఈ పనికి విడిగా ఒక పేరుతో పోస్టు ఉండటం తక్కువ. పెర్ఫార్మెన్స్ మార్కెటింగ్ ఎగ్జిక్యూటివ్, పీపీసీ అనలిస్ట్, మార్కెట్ రీసెర్చ్ అనలిస్ట్, మీడియా ప్లానర్, బ్రాండ్ ఎగ్జిక్యూటివ్.. ఈ పేర్లతో వచ్చే ప్రకటనల్లో బాధ్యతల వరుస చదవండి. పోటీ సంస్థల విశ్లేషణ అనే మాట చాలాచోట్ల కనిపిస్తుంది. ఏజెన్సీలు హైదరాబాద్, బెంగళూరుల్లో ఎక్కువ. విజయవాడ, గుంటూరుల్లో చిన్న ఏజెన్సీలనూ, విత్తన, మసాలా, పచ్చళ్ల వ్యాపారులనూ నేరుగా అడిగి చూడొచ్చు. బీకాం, బీబీఏ, ఎంబీఏ వారితో పాటు వ్యవసాయ డిగ్రీ చేసినవారికి అగ్రి కంపెనీల మార్కెటింగ్ విభాగాల్లో ఇది అదనపు అర్హత.

పునాది కోసం గూగుల్ స్కిల్‌షాప్, మెటా బ్లూప్రింట్, సెమ్‌రష్ అకాడమీల్లో ఉచిత పాఠాలున్నాయి. ఎక్సెల్‌లో పివట్ టేబుల్ వరకు నేర్చుకోండి. తెలుగు, ఇంగ్లిష్ రెండింటిలో ఒక పేజీ రిపోర్టు రాయడం సాధన చేయండి.

ఇంటర్వ్యూలో ‘మీ అనుభవం ఏంటి’ అని అడిగితే నీళ్లు నమలక్కర్లేదు. ‘సార్, ఐదు కారం బ్రాండ్ల ప్రకటనలు 12 వారాలు చూశాను. నేను చూసింది ఇది, అనుకుంటున్నది ఇది, తెలియనిది ఇది. మీ స్థానంలో ఉంటే మొదట దీన్ని పరీక్షిస్తాను’ అని ఒక కాగితం ముందుపెట్టండి. స్క్రీన్‌షాట్ల ఫోల్డర్ ఫోన్‌లో సిద్ధంగా ఉంచండి. ఆ తేదీలు మీ కోసం మాట్లాడతాయి.

నోటిఫికేషన్ పడేదాకా, కోర్సు అయ్యేదాకా ఆగక్కర్లేదు. యార్డులో ధర రేపు మారుతుంది, ఫోన్‌లో ప్రకటన రేపటికి ఉండకపోవచ్చు. ఈ సోమవారమే మొదటి వరుస రాయండి.